అంగారకుడి మీద గ్యాస్ మాత్ర

సైన్స్ ఫిక్షన్ మీద నాకు వ్యక్తిగతమైన పగ ఒకటుంది. చిన్నప్పుడు గార్లదిన్నెలో టెంటు సినిమా ఆడేది. మా నాయన నన్ను భుజం మీద ఎక్కించుకుని, అన్నను చేత్తో పట్టుకుని తీసుకుపోయేవాడు. అట్లా చూసిన ఒక సినిమాలో కాలు పోయిన హీరోకు ఒక సైంటిస్టు ఇనుప కాలు పెడతాడు. పెట్టీ పెట్టగానే వాడు మేడలు దూకేస్తాడు. ఏడాది వయసులో పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడిన నేను ఆ సినిమాను మనసులో పెట్టుకున్నాను. తర్వాత కొన్నాళ్లకు ఆసుపత్రిలో నా కాలికి కొలతలు తీసి, ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు ఉన్న కాలిపర్ తొడిగారు. ఇంటికొచ్చాక నేను చేసిన మొదటి పని గడ్డివాములు వేసే వామిదొడ్డి గోడ ఎక్కి దూకడం. ఎక్కించింది అన్నే. నాకంటే అతనికే నమ్మకం ఎక్కువ. కాలికి ఏమీ కాలేదు గానీ కుడిచెయ్యి విరిగింది. నాయన ఇద్దరినీ కలిపి తిట్టాడు, ఆ సినిమా తీసినవాణ్ణి ఒక్క మాట కూడా అనలేదు.

పెద్దయ్యాక మా ఊరి శాఖా గ్రంథాలయంలోనే ఉద్యోగం వచ్చింది. పేపర్లు చదివే పెద్దమనుషులు ఎండ ముదరకముందే లేచి వెళ్లిపోతారు. ఆ తర్వాత బీరువాలోని సైన్స్ ఫిక్షన్ అంతా నాదే. పగ ఉంది కదా, శత్రువు సంగతి తెలుసుకుందామని చదివాను. చదివి చదివి నేను తేల్చుకున్నది ఒకటే. ఈ రచయితలు సూర్యుణ్ణి పక్కకు జరపగలరు, కాలంలో వెనక్కి పోయి తాతను పలకరించి రాగలరు, కుంటిమనిషిని కథ చివరిదాకా కుంటిగా ఉంచడం మాత్రం వాళ్ల చేత కాదు. బాగైనా చేస్తారు, చంపైనా చంపుతారు. గుడ్డివాడికి గోడ అవతలి గుసగుసలు వినిపిస్తాయి. ఇక మతి చలించిన సైంటిస్టు సంగతి చెప్పక్కర్లేదు. తల దువ్వుకోడు, పకపకా నవ్వుతాడు, లోకాన్ని తగలబెడతాడు. పైగా వాళ్ల అంతరిక్ష నౌకల నిండా నిచ్చెనలే. బరువే లేని చోట అందరూ గాల్లో తేలుతుంటే కుంటేదెవరు, కుంటనిదెవరు? అక్కడికి పోయాక కూడా నా కాలు బాగుచెయ్యాలని వీళ్లకెందుకంత తొందరో నాకర్థం కాదు.

పొద్దున్నే మాత్ర వేసుకుని షాపు తెరిచే మతి చెడిన మనిషి ఆ బీరువా మొత్తంలో ఒక్కడంటే ఒక్కడు కనబడలేదు. అట్లాంటివాడు మా ఇంట్లోనే ఉన్నాడు. మా అన్న. మండలాఫీసు ఎదురుగా జిరాక్స్ షాపు నడుపుతాడు. ఒకప్పుడు అన్నను ఆ షాపుతో కాదు, వేషంతో గుర్తుపట్టేవాళ్లు. మా వైపు జాతరకు పౌరాణిక నాటకం ఆడటం ఇప్పటికీ ఉంది. ఊరివాళ్లే వేషాలు కడతారు, హార్మోనియం మేష్టరు నెలల తరబడి కూర్చోబెట్టి నేర్పిస్తాడు. పద్యం నచ్చితే జనం ‘వన్స్ మోర్’ అంటారు. అన్నాక పాడి తీరాల్సిందే. చచ్చిపడిన పాత్రయినా సరే, లేచి దులుపుకుని, మళ్లీ పాడి, మళ్లీ చావాలి. అన్న రాజు వేషం కట్టాడంటే పక్క పల్లెలవాళ్లు ట్రాక్టర్లెక్కి వచ్చేవాళ్లు.

ఒక జాతరలో అన్న పద్యం నడుమ ఆగిపోయాడు. తల పక్కకు వంచి ఎవరిదో మాట వింటున్నట్టు నిలబడ్డాడు. మేష్టరు హార్మోనియం మీద అదే ముక్క మళ్లీ మళ్లీ వాయించి అందించాడు, లాభం లేదు. అన్న కిరీటం తీసి జాగ్రత్తగా స్టేజీ మీద పెట్టి, మెట్లు దిగి చేలవైపు వెళ్లిపోయాడు. ఆ తర్వాత నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకున్నాడు. స్నానం లేదు, తిండి లేదు. అనంతపురంలో డాక్టరు దొరికాక, మందులు కుదిరాక, మెల్లగా మా అన్న మాకు తిరిగొచ్చాడు. అప్పటి నుంచి మూడు పూటలా మాత్రలు. ఫోనులో అలారం పెట్టుకుంటాడు. అలారం మోగితే ఎక్కడున్నా సరే తలుపు చాటుకు పోయి మింగి వస్తాడు. గంట అటూ ఇటూ అయినా ఏమీ కాదని డాక్టరు చెప్పినా వినడు. ఎవరైనా అడిగితే గ్యాస్ మాత్ర అని మా అమ్మ చెప్పేది. మండలంలో అన్నకున్నంత గ్యాసు ఇంకెవరికీ లేదని పేరు. మజ్జిగ తాగమనీ, వాము నమలమనీ షాపుకు వచ్చి మరీ సలహాలు చెప్పి పోతారు. నవ్వాలో ఏడవాలో తెలియదు.

బాగయ్యాక అన్న కోరింది ఒకటే, ఆ వేషం మళ్లీ కట్టాలి. జాతర దగ్గర పడినప్పుడల్లా మేష్టరు ఇంటికి పోయి అడుగుతాడు. మేష్టరు మంచివాడు. కాఫీ ఇప్పిస్తాడు, పాత కబుర్లు చెబుతాడు, చివర్లో నేల చూపులు చూస్తూ, నడుమ ఆపితే నాటకం గతేమిటప్పా అంటాడు. అన్న వదిలిపోయిన కిరీటం ఆయన ట్రంకు పెట్టెలోనే ఉందని అందరికీ తెలుసు. మిగతావాళ్లు కట్టే రాజులకు కొత్త అట్ట కిరీటాలు వచ్చాయి, అది మాత్రం బయటికి రాలేదు.

ఇట్లా ఉండగా రెండేళ్ల కిందట సినిమా తీస్తానని ఒకతను లైబ్రరీకి వచ్చాడు. మా వైపు పెద్ద రైతుల ఇంటి అబ్బాయి, బెంగళూరులో ఇంజినీరింగు చదివి, ఉద్యోగం మానేసి డైరెక్టరు అయిపోయాడు. వస్తూనే, నీ కాలు నాకు కావాలక్కా అన్నాడు. అది నాకే సరిగ్గా పనికిరావడం లేదు, నీకేం పనికొస్తుందప్పా అన్నాను. అప్పుడు కథ చెప్పాడు. అంగారకుడి మీద ఒక పల్లె. అక్కడ ఒక కుంటి మనిషి, అంటే నేను. ఒక పిచ్చి సైంటిస్టు ఆ గ్రహం మీద నీళ్లన్నీ ఆవిరి చేసేద్దామనుకుంటాడు. చివర్లో నాకు ఇనుప కాలు వస్తుంది, ఆ కాలితో సైంటిస్టును ఒక్క తన్ను తంతాను, వాడు చస్తాడు. అయ్యాక నేను పరుగెత్తుతాను. నాకు వామిదొడ్డి గోడ గుర్తొచ్చి కుడిచెయ్యి సలిపింది.

కాలు బాగుచెయ్యకుండా కథ ముగించరాదా అని అడిగాను. ప్రేక్షకులు ఒప్పుకోరక్కా అన్నాడు. మరి ఆ సైంటిస్టు ఎవరప్పా అంటే కాసేపు నీళ్లు నమిలి, అన్ననే అడుగుదామనుకుంటున్నా, సహజంగా ఉంటుంది అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అతన్ని అక్కడే కూర్చోబెట్టి దులిపేశాను. మండలం మొత్తానికి మా అన్నను తెర మీద పిచ్చినవ్వు నవ్వించి చూపిస్తే, మేష్టరు ఇక జన్మలో ఆ ట్రంకు పెట్టె తెరవడు. నా భయం అదీ.

ఇంటికి పోయి చెబితే అన్న అప్పటికే ఒప్పుకుని ఉన్నాడు. జిరాక్స్ షాపులోనే మాట అయిపోయిందట. నేను అరిచి గోల చేశాను. అన్న అంతా విని, కంచం కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

“పిచ్చోడని ఊరికి తెలిసిందే గదమ్మా. వేషం కట్టగలనని తెలియాల. రాజు కాకుంటే సైంటిస్టు.”

అన్న ఒక్కణ్ణే పంపడం ఇష్టం లేక నేనూ సరేనన్నాను.

షూటింగు కంబదూరు వైపు. అంగారకుడి కోసం సెట్టు వెయ్యాల్సిన అవసరమే రాలేదు. వేరుశనగ పీకేసిన ఎర్రచేను, వెనక గుండ్రాళ్ల గుట్టలు, మీద ఒక్క మబ్బు లేని ఆకాశం. మా జిల్లావాళ్లం అంగారకుడికి పోవాలంటే రాకెట్టు అక్కర్లేదు, బస్సు చాలు. మేకలు మాత్రం చెప్పినట్టు వినలేదు, మాటిమాటికీ కెమెరా ముందుకు వచ్చాయి. వాటిని కాసే ముసలామె వచ్చి ఏం చేస్తున్నారని అడిగింది. ఇది వేరే గ్రహమవ్వా, మనుషులు ఇక్కడ కాపురం పెట్టినట్టు కథ అని డైరెక్టరు ఓపిగ్గా చెప్పాడు. ఆమె అంతా విని, బోరేస్తే ఎన్నడుగులకు పడినాయప్పా నీళ్లు అని అడిగింది. ఇంజినీరింగు చదివినా అతని దగ్గర దానికి లెక్క లేదు.

నా వంతు వచ్చింది. ఇటు నుంచి అటు నడిచాను. డైరెక్టరు కట్ చెప్పి, ఇంకొంచెం ఎక్కువ కుంటక్కా, కెమెరాకు తెలియడం లేదు అన్నాడు.

“ఏమప్పా, పుట్టి ఏడాదైనప్పటి నుంచి ఇదే ప్రాక్టీసు. ఇంతకంటే బాగా నాకు రాదు.”

తర్వాత ఇనుప కాలు తొడిగారు. పీవీసీ పైపుకు వెండిరంగు పూసి, దాన్ని సరిగ్గా నా కాలిపర్ మీదే బిగించారు. లోపల అసలు ఇనుము, పైన ఉత్తుత్తి ఇనుము. ఈ రెండింటి బరువుతో తన్నడం కాదు కదా, కాలు లేపడమే గగనమైంది. పరుగు సీనుకు కాలేజీలో ఖోఖో ఆడే పిల్లను తీసుకొచ్చి, నా చీర కట్టించి, కాళ్లు మాత్రం చూపించారు. నేను గొడుగు కింద కూర్చుని నా పరుగును నేనే చూసుకున్నాను. బాగానే పరుగెత్తాను.

అన్న సీను వచ్చింది. డైరెక్టరు అన్న జుట్టు చెరిపాడు, అన్న జేబులోంచి దువ్వెన తీసి దువ్వుకున్నాడు. ఇట్లా రెండుమూడు సార్లు జరిగాక జుట్టు సంగతి వదిలేశారు. ఇక నవ్వు. కళ్లు తిప్పుతూ, చేతులు పైకెత్తి ఎట్లా నవ్వాలో డైరెక్టరే చేసి చూపించాడు. ఆ ఎండలో అతను చెమటలు కక్కుతూ హహహా అని నవ్వుతుంటే అన్న దిగులుగా చూసి, దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేశాడు.

“ఎన్ని దినాల నుంచి ఇట్ల ఉండాదప్పా నీకు? నిద్ర పడతాందా?”

కెమెరా పట్టుకున్నవాడు నవ్వాపుకోలేక కూర్చుండిపోయాడు. డైరెక్టరు మాత్రం పట్టు వదల్లేదు. జబ్బుగా ఉన్నప్పుడు గొంతులు వినబడేవంట గదన్నా, ప్రపంచాన్ని నాశనం చెయ్యమని చెప్పేవా అని ఆశగా అడిగాడు. అన్న ఎప్పుడూ ఎవరితోనూ ఆ సంగతి మాట్లాడలేదు. నాతో కూడా. అందుకే నేనూ చెవులు రిక్కించాను.

“లేదప్పా. ఒగటే గొంతు. నా పద్యంలో తప్పులు పట్టేది. నేను పాడకముందే తర్వాతి ముక్క అదే పాడేసేది, నాకంటే బాగా.”

నాకు ఏడుపొచ్చింది, ఎండ కళ్లలో పడినట్టు నటించాను. ఇది సినిమాకు పనికిరాదన్నా అని డైరెక్టరు మెల్లగా అన్నాడు. అప్పుడు అన్న, ఆ డైలాగు నోట్లో తిరగడం లేదు, పాడితే ఒప్పుకుంటావా అని అడిగాడు. ఈ గ్రహం మీద నీటి చుక్క ఒక్కటి మిగలనివ్వను అన్నదే ఆ డైలాగు. అన్న చేతులు కట్టుకుని, ఆ ఎర్రచేను మధ్య నిలబడి, దాన్ని మోహన రాగంలో ఎత్తుకున్నాడు. మాటలు అవే. కానీ ఆ గొంతులో అది బెదిరింపులా వినబడలేదు. నీళ్ల కోసం భూమంతా వెతికి, ఇక లేవని తెలుసుకున్నవాడు పాడినట్టుంది. ముగిసేసరికి మేకలు కూడా కదల్లేదు. ముసలామె కర్రను చంకన పెట్టుకుని వన్స్ మోర్ అంది. అన్న మళ్లీ పాడాడు. రెండోదే సినిమాలో ఉంది. ఆ తర్వాత నేను అన్నను తన్నాను, అన్న చచ్చాడు. చచ్చేటప్పుడు నా కాలు అతని పొట్టకు జానెడు దూరంలో ఆగిపోయినా మర్యాదగా పడిపోయాడు.

సినిమాను మా ఊరి కల్యాణ మండపంలో ఒక ఆదివారం పగలు వేశారు. కిటికీలకు దుప్పట్లు కట్టి, ప్రొజెక్టరు పెట్టి, చివర్లో భోజనాలు కూడా పెడతామని చెప్పారు. అందుకని జనం పోటెత్తారు. మొదట ప్రార్థన పాడటానికి మేష్టరును పిలిచారు. ఆయన పాడేసి, హార్మోనియం స్టేజీ పక్కనే ఉంచుకుని కూర్చున్నాడు. అన్నా నేనూ చివరి వరుసలో కూర్చున్నాం. బాగాలేకపోతే ముందు లేచి వెళ్లిపోవచ్చని నా ఆలోచన.

అంగారకుణ్ణి చూపించగానే, అది ఫలానావాళ్ల చేను గదా అని ఎవరో గుర్తుపట్టారు. సైంటిస్టు నీళ్లు ఆవిరి చేస్తానన్నప్పుడు, ఆ పని మాకెప్పుడో అయిపోయిందిలేప్పా అన్నారు. నేను పరుగెత్తే సీనులో ఆడవాళ్ల వైపు నుంచి, ఈయమ్మ చెప్పులు మారినాయే అని వినబడింది. కానీ అన్న పద్యం వచ్చినప్పుడు మండపమంతా చప్పుడు లేకుండా విన్నది. అయిపోగానే నాటకాలు చూసిన నోళ్లు ఊరుకుంటాయా, వన్స్ మోర్ అన్నాయి. డైరెక్టరు బిత్తరపోయి చూశాడు. ఇది సినిమా, అట్లా కుదరదన్నాడు. జనం కుదరదంటే ఒప్పుకునే రకం కాదు. వెనక్కి తిప్పి మళ్లీ వేశాడు. మళ్లీ వన్స్ మోర్. చివరికి సినిమా అయిపోయి, అన్న చచ్చిపోయి, పేర్లు కూడా పడ్డాక, ఆయప్పనే పైకి రమ్మనండి, ఎదురుగా పాడాల అని పట్టుబట్టారు.

అన్న నా వైపు చూశాడు. వద్దని తలూపాను. అన్న లేచాడు. మనిషి మామూలుగానే నడిచిపోయాడు గానీ, మెట్లెక్కేటప్పుడు పంచె చెరగు పిడికిట్లో బిగించి పట్టుకోవడం చూశాను. మేష్టరు కళ్లద్దాలు సవరించుకుని శ్రుతి పట్టాడు. అన్న మైకు ముందు ఎత్తుకున్నాడు. తెర మీద కంటే బాగుంది. పై స్థాయికి పోయాడు, ఇక అక్కడి నుంచి దిగడమే, సరిగ్గా అక్కడ ఆగిపోయాడు. తల పక్కకు వంచాడు. మేష్టరు అదే ముక్క మళ్లీ వాయించి అందించాడు, అప్పటిలాగానే. ముందు వరుసలో ఎవరో చ్చొచ్చొ అన్నారు.

అప్పుడు మాకూ మైకులోంచి వినబడింది. అన్న జేబులో ఫోను అలారం. మధ్యాహ్నం మాత్ర.

ఇంట్లో అయితే తలుపు చాటుకు పోయేవాడు. స్టేజీ మీద తలుపు లేదు. మింగాలంటే మెట్లు దిగి పోవాలి, పద్యం నడుమ స్టేజీ దిగిపోతే ఆ రోజు జరిగిందే మళ్లీ జరిగినట్టు. అన్న అలారం ఆపి, మెట్ల వైపు ఒకసారి చూశాడు. మేష్టరు కూడా చూశాడు. తర్వాత అన్న ఎక్కడివాడక్కడే నిలబడి, చొక్కా జేబులోంచి మాత్ర తీసి, మైకులోనే చెప్పాడు.

“ఒక నిమిషం ఓర్చుకోండప్పా, మాత్ర టైమయింది. గ్యాస్‌ది కాదు, తలకాయది. చెల్లీ, నీళ్లు తీసుకురామ్మా.”

నేను నీళ్ల సీసా పట్టుకుని చివరి వరుస నుంచి బయలుదేరాను. నిశ్శబ్దంగా ఉన్న ఆ మండపంలో నా కాలిపర్ ప్రతి అడుగుకూ టకటకమంటోంది. ఇంతకుముందే జింకలాగా పరుగెత్తిన మనిషిని ఇట్లా చూసి, ఇనుప కాలు యాడ పెట్టినావక్కా అని ఒకామె అడిగింది. చార్జింగు పెట్టినాను అన్నాను. నవ్వులు మొదలయ్యాయి. అన్న అందరి ఎదుటా మాత్ర వేసుకుని, నీళ్లు తాగి, మూతి తుడుచుకున్నాడు. ముందు వరుసలో ఒక పెద్దాయనకు అది చూసి తన షుగరు మాత్ర గుర్తొచ్చిందేమో, జేబు తడుముకున్నాడు. ఆయన్ని చూసి ఇంకొకాయన బీపీ మాత్ర బయటికి తీశాడు. నా చేతిలోని సీసా ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ పోయింది.

అన్న ఆగిన చోటి నుంచే పద్యం అందుకుని, నెమ్మదిగా దింపి, ముగించాడు. మండపం పైకప్పు ఎగిరిపోయేలా వన్స్ మోర్. అన్న నవ్వాడు. డైరెక్టరు నేర్పిన నవ్వు కాదు, మా ఇంట్లో నవ్వే నవ్వు.

“పద్యమైతే పాడతా. మాత్రకు మాత్రం వన్స్ మోర్ లేదు.”

ఆ నవ్వుల గోలలో మేష్టరు హార్మోనియం తిత్తి మీద చెయ్యి ఆపి, మైకుకు దూరంగా వంగి అన్నను ఒక మాట అడిగాడు. నేను మెట్ల దగ్గరే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది. జాతరకు పాత కిరీటమే సరిపోతుందా, జుట్టు పలచబడింది గదా, వదులైతాదేమో అన్నాడు.

“సరిపోతాది. వదులైనా మంచిదే, లోపల మాత్రల డబ్బాకు తావు గావాల” అన్నాడు అన్న.

మేష్టరు శ్రుతి పట్టాడు. అన్న మళ్లీ ఎత్తుకున్నాడు.